కుట్టు తగలని చొక్కా

జూన్ 3, మంగళవారం

వకీలమ్మ ఇవాళ నన్ను ఉతికి ఆరేసింది. నా కూతురంత ఉంటుందేమో. మాటకి ముందొకటి, వెనకొకటి ‘బాబాయ్ గారూ’ అని తగిలిస్తూనే దులిపేసింది.

సంగతేమిటంటే, రోజూ ఒంట్లో ఎలా ఉంటోందో రాయమని ఆ పిల్ల నాకో నోటుపుస్తకం ఇచ్చింది. రాశాను. ఒక్క రోజు మానకుండా రాశాను. సోమవారం, బాగానే ఉంది. మంగళవారం, ఫరవాలేదు. బుధవారం, బాగానే ఉంది. గురువారం కొంచెం అటూ ఇటూ, సాయంత్రానికి బాగానే ఉంది.

“బాబాయ్ గారూ, ఇది చూపిస్తే మెడికల్ బోర్డు వాళ్ళు మీకు పెన్షన్ ఇవ్వరు. మళ్ళీ సైన్యంలోకి తీసుకుంటారు” అంది.

మా ఆవిడ పక్కనే కూర్చుని పడీ పడీ నవ్వింది. నవ్వడం అయ్యాక చెయ్యి చాపి, “ఇలా ఇవ్వమ్మాయ్, నేను రాస్తాను” అని పుస్తకం తీసేసుకుంది. ఇప్పుడు నా దురద ఆవిడ చేతిరాతలో ఉంది.

నాకేమో రాయడం అలవాటైపోయింది. వస్తూ వస్తూ ఈ డైరీ కొన్నాను. ఏడాది సగం అయిపోయింది కదా, షాపువాడు ఊరికే ఇచ్చినంత పనిచేశాడు. ఇది నాకోసం. ఇందులో ఒంటి సంగతులు రాయను.

జూన్ 4, బుధవారం

దురద లేదు.

జూన్ 7, శనివారం

ఈ మధ్య మతిమరుపు మరీ ఎక్కువైంది. ఇవాళ టీకి నీళ్ళు పెట్టి, గిన్నె మాడిపోయేదాకా పెరట్లో ఎవరిదో కుట్టుమిషను విప్పుతూ కూర్చున్నాను. థైరాయిడ్ మహిమ. డాక్టరు మాత్ర ఇచ్చాడు, పరగడుపున వేసుకుని టీ కోసం కాసుకుని కూర్చోవాలి. మాత్ర చేదు కాదు గానీ ఆ కాసుకోవడం చేదు.

అందుకే కేసు సంగతి ఒక్కసారి నాకోసం రాసి పెట్టుకుంటాను. రేపు మర్చిపోతే చూసుకోవచ్చు.

నేను సైన్యంలో వర్క్‌షాపు మెకానిక్కుని. బండ్ల ఇంజన్లు విప్పడం, భాగాలన్నీ పెట్రోలు బకెట్టులో ముంచి కడగడం. వట్టి చేతులతోనే. చేతులు పగలడం మొదలైంది కుర్రతనంలోనే. ముందు వేళ్ళ సందుల్లో, తర్వాత మణికట్టు, తర్వాత మోచెయ్యి దాకా. థైరాయిడ్ అన్న మాట నేను విన్నది సైన్యం నుంచి వచ్చేశాక ఎన్నో ఏళ్ళకి. అయితే పోయినసారి బోర్డు వాళ్ళు ఏం తేల్చారంటే, చర్మం పాడైంది థైరాయిడ్ వల్ల, థైరాయిడ్ వచ్చింది నా ఒంటి తీరువల్ల, కాబట్టి సైన్యానికి రెండిటితోనూ సంబంధం లేదు. తర్వాత వచ్చింది ముందు వచ్చినదాన్ని ఎలా తెస్తుందయ్యా? కొడుకు తండ్రిని కన్నట్టు!

వకీలమ్మ అప్పీలు వేసింది. కొత్త డాక్టర్లతో మళ్ళీ చూడండని పైవాళ్ళు అన్నారు. ఇదే ఆఖరు. ఈసారి కూడా కాదంటే ఇక అడగడానికి ఎవరూ ఉండరు.

చిక్కల్లా ఒక్కటే. సైన్యంలో ప్రతి ఏడాదీ మా ఒళ్ళు చూసే పరీక్ష ఉండేది. ప్రతి ఏడాదీ కాగితంలో ‘ఫిర్యాదు ఏమీ లేదు’ అనే ఉంది. కింద నా సంతకం. మరి ఏం చెప్పమంటారు? చేతులు చూపిస్తే వర్క్‌షాపు నుంచి పీకి స్టోర్సులో కూర్చోబెడతారు. ఇంజను చప్పుడు వినకుండా సబ్బుబిళ్ళలు లెక్కపెట్టుకుంటూ కూర్చోవడం నావల్ల అయ్యే పనా?

కేసు గెలిచినా ఓడినా నాకేం ఫరవాలేదు. అది కూడా రాసి పెట్టుకుంటున్నాను.

జూన్ 8, ఆదివారం

నాకు ఫరవాలేదన్నది నిజమే గానీ మా ఆవిడ సంగతి వేరు. సూదిలో దారం ఎక్కించడానికి ఇప్పుడు నన్ను పిలుస్తోంది. ముందుగదిలో రెండు మిషన్లు, బట్టలు కత్తిరించే బల్ల, ఇస్త్రీ పెట్టె. రోజంతా ఆ కళ్ళద్దాల వెనక కళ్ళు చిట్లించుకుని కుడుతూనే ఉంటుంది. పెన్షన్ వస్తే ఒక మిషను అమ్మేసి, ఇష్టమైనవే కుట్టుకోమంటాను. ఆవిడకి చెప్పలేదు. చెబితే మిషనుతో పాటు నన్నూ అమ్మేస్తుంది.

జూన్ 11, బుధవారం

మా ఆవిడ పొద్దున్నే దుప్పటి మార్చింది. మరకలేమిటని అడిగింది. దోమలన్నాను.

“ఈ ఇంట్లో దోమలకి మీ చేతులంటేనే మోజెందుకో” అంది.

జూన్ 12, గురువారం

రిహార్సలు మొదలైంది. వకీలమ్మ చెప్పిందట, బోర్డు ముందు మూలగడం నేర్పమని. మా ఆవిడ మెడలో కొలత టేపు వేసుకుని, బల్ల వెనక కూర్చుని, నన్ను ఎదురుగా నిలబెట్టింది. బోర్డు అధ్యక్షురాలు తనేనట.

“ఎలా ఉన్నారు?”

“బాగు...”

చెక్క స్కేలుతో బల్ల మీద ఒక్కటి కొట్టింది. ఉలిక్కిపడ్డాను.

“మళ్ళీ. ఎలా ఉన్నారు?”

“ఏదో అలా ఉన్నాను.”

“అలా అంటే ఎలా? మా అక్కని చూడండి. ఒక్క తుమ్ము వస్తే ఊరంతా పలకరించడానికి రావాలి. అలా చెప్పాలి. ఎక్కడ, ఎప్పుడు, ఎంత, ఏం చెయ్యలేకపోతున్నారు.”

నేను చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు ఆలోచించాను. చివరికి, “అప్పుడప్పుడు కొంచెం చిరాగ్గా ఉంటుంది” అన్నాను.

“దురద వల్లా?”

“నీ రిహార్సలు వల్ల.”

స్కేలు ఈసారి బల్ల మీద పడలేదు.

జూన్ 15, ఆదివారం

దురద లేదు. ఎండగా ఉంది. పొడుగు చేతుల చొక్కా వేసుకుని వీధి చివరిదాకా వెళ్ళి దారపు ఉండలు తెచ్చాను. ఇంత ఎండలో ఈ చొక్కా ఏమిటి మాస్టారూ అన్నాడు షాపువాడు. నాకు చలెక్కువ అన్నాను. థైరాయిడ్ ఉన్నవాళ్ళకి నిజంగానే చలెక్కువ. అబద్ధమేం కాదు.

చొక్కా గురించి రాయాలి. మా ఆవిడ కుట్టే చొక్కాలకి చేతుల పొడుగునా, భుజాల మీదా, బయటికి పట్టీలుంటాయి. బ్యాండువాళ్ళ చొక్కాల్లాగా. మొదట్లో ఎన్నోసార్లు గొడవపడ్డాను, అందరికీ మామూలుగా కుట్టి నాకెందుకు ఈ వేషమని. “ఫ్యాషను. మీకు తెలీదు” అనేది. తర్వాత అడగడం మానేశాను.

జూన్ 17, మంగళవారం

వకీలమ్మ ఫోను. చర్మం ముందు వచ్చిందని చెప్పగలిగే పాతవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని. ఉన్నాడు, మా బకెట్టు. నాతోపాటే వర్క్‌షాపులో చేశాడు. పెట్రోలు బకెట్టు ఎప్పుడూ వాడి చేతిలోనే ఉండేది కాబట్టి వాడి అసలు పేరు వాళ్ళమ్మ కూడా మర్చిపోయి ఉంటుంది.

ఫోను చేస్తే గుర్తుపట్టడమేమిటి, “అన్నా! నీ గొంతేంట్రా బాబూ పాత సైలెన్సరులా ఉంది!” అన్నాడు. ఆ బొంగురు గొంతూ థైరాయిడ్ ఇచ్చిందే. వస్తానన్నాడు. నేనేం అడగకుండానే వస్తానన్నాడు.

చాలా సంతోషంగా ఉంది. ఊరికే రాస్తున్నాను.

జూన్ 21, శనివారం

బకెట్టు వచ్చాడు! వానలో నిలువునా తడిసి వచ్చాడు. జుట్టు ఒక్కటీ మిగల్లేదు గానీ నోరు మాత్రం చెక్కుచెదరలేదు. గుమ్మంలోనే, “వదినా, ఇన్నేళ్ళు ఈ మొండివాడితో ఎలా వేగావు తల్లీ!” అన్నాడు. ఆవిడ నవ్వి తువ్వాలు ఇచ్చింది. నా చొక్కా ఒకటి తెచ్చి ఇచ్చాను.

టీ తాగుతూ ఫోటో తీశాడు. ప్లాస్టిక్ సంచిలో, దాని మీద ఇంకో సంచిలో చుట్టి తెచ్చాడు. వర్క్‌షాపు ముందు మేమందరం. వేసవి. మాకు సైన్యంలో వేసవి ఫలానా రోజు నుంచి అని ఆర్డరు వచ్చేది. ఆ రోజు నుంచి ఎంత చలేసినా సరే అందరూ చొక్కా చేతులు మోచెయ్యి పైకి మడవాలి. మళ్ళీ ఆర్డరు వచ్చేదాకా దించకూడదు. ఫోటోలో అందరి చేతులూ మడిచి ఉన్నాయి. నా చేతులు ఒక్కటే మణికట్టు దాకా దించి, బొత్తాలు పెట్టి ఉన్నాయి.

“ఆ మేజరు గుర్తున్నాడా అన్నా? పెద్దాయన ఇన్‌స్పెక్షనుకి వస్తున్నాడు, ఆ చేతులు నాకు కనపడకూడదు, మూసెయ్ అన్నాడు. ఏడాది పొడుగునా దించుకోమని ఆర్డరే ఇచ్చాడు. నేను పక్కనే బకెట్టు పట్టుకుని నిలబడ్డా.”

నాకు గుర్తులేదన్నాను. గుర్తుంది.

మా ఆవిడ ఫోటో చేతిలోకి తీసుకుని కళ్ళద్దాలు పైకి నెట్టి చూసింది. నా ముఖం వైపు చూడలేదు, చేతులే చూసింది. ఫోటో బల్ల మీద పెట్టి వంటింట్లోకి వెళ్ళింది.

అప్పుడు బకెట్టు నా చొక్కా చేతిని లోపలికి బయటికి తిప్పి చూసుకుంటూ, “అన్నా, ఇదేం చొక్కా? లోపల కుట్టే తగలడం లేదు” అన్నాడు. “కుట్టంతా పైకి తిప్పి, మీద పట్టీ వేసేశారు. లోపల చంటిపిల్లల బట్టలా మెత్తగా ఉంది. వదిన నాకూ ఒకటి కుట్టిపెడుతుందా?”

నేను చొక్కా చేతిలోకి వేళ్ళు పెట్టి చూశాను. నిజమే. లోపల ఎక్కడా కుట్టు లేదు.

ఇంజన్లో ఇసకరేణువంత చప్పుడు తేడా వస్తే పట్టుకునేవాణ్ణి. ఇన్నేళ్ళు ఒంటి మీద వేసుకుని తిరిగాను.

జూన్ 22, ఆదివారం

బకెట్టు వకీలమ్మ ముందు వాంగ్మూలం రాసిచ్చి, ఫోటో కూడా ఆవిడకే ఇచ్చి మధ్యాహ్నం బండికి వెళ్ళిపోయాడు. వెళ్తూ నన్ను కావలించుకుని ఏడ్చాడు, వెధవ. నేనేం ఏడవలేదు. వానజల్లు.

చొక్కా సంగతి ఆవిడని అడగలేదు. ఏమని అడుగుతాను?

జూన్ 24, మంగళవారం

రిహార్సలు. ఈసారి నాకే కోపం వచ్చింది. ఎన్నిసార్లు చెప్పిస్తావు, నాకేం బాధ లేదంటే వినవేం అని అరిచాను.

ఆవిడ స్కేలు కింద పెట్టింది. “ఆ డాక్టర్లకి చెప్పరు, సరే. వాళ్ళు పై ఆఫీసర్లు. నేనెవర్ని? నాక్కూడా ‘బాగున్నాను సార్’ అనేనా? పెళ్ళయిన దగ్గర్నుంచీ అడుగుతూనే ఉన్నాను, ఎలా ఉంది, ఎలా ఉంది అని. ఒక్కసారి, ఒక్కసారి నొప్పి అన్నారా నాతో?”

మిషను తొక్కడం మొదలుపెట్టింది. అందులో బట్ట లేదు. వట్టి మిషనే తొక్కింది.

నేను పెరట్లోకి వచ్చి కూర్చున్నాను. తప్పు నాది కాదు, థైరాయిడ్ వల్ల కోపం ఎక్కువని డాక్టరే చెప్పాడు. కాదు, నీరసం ఎక్కువని చెప్పాడు. కోపం గురించి ఏమీ చెప్పలేదు.

జూన్ 25, బుధవారం

మాట్లాడింది. “మాత్ర వేసుకున్నారా?” అంది. అమ్మయ్య.

జూన్ 29, ఆదివారం

మంగళవారం బోర్డు. మూడు రోజుల ముందు నుంచి చేతులకి ఏ మందూ రాయొద్దని, ఉన్నది ఉన్నట్టు చూడనివ్వమని వకీలమ్మ హెచ్చరిక. రాయడం లేదు. మానడం కూడా ఏం కష్టంగా లేదు. ఇవాళ నాలుగుసార్లు స్నానం చేశాను, ఎండ వల్ల.

జూలై 1, మంగళవారం

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

పొద్దున్నే లేచాను. గడ్డం గీసుకున్నాను. బూట్లు మెరిసేలా పాలిష్ పెట్టాను. చొక్కా నలగకుండా ఇస్త్రీ చేసుకున్నాను. అంతా అయ్యాక అద్దంలో చూసుకుంటే చేతులొక్కటే అసహ్యంగా ఉన్నాయి. ఇన్‌స్పెక్షనుకి అలా ఎలా వెళ్తాను? మందు ట్యూబు తీసి మోచేతుల దాకా పట్టించేశాను. బుద్ధి చెప్పేలోపు చెయ్యి చేసేసింది.

ఆసుపత్రి వరండాలో వకీలమ్మ నా చేతుల నిగనిగ చూసి తల పట్టుకుంది. “బాబాయ్ గారూ! మీరు పెళ్ళిచూపులకి వచ్చారా?” అంది. మా ఆవిడ వెళ్ళి బెంచీ మీద కూలబడింది.

లోపల ముగ్గురు డాక్టర్లు. మధ్యలో తెల్ల మీసాలాయన, ఒక పక్క చర్మం డాక్టరమ్మ, ఇంకో పక్క ఏదో చదువుకుంటున్న కుర్ర డాక్టరు. గుమ్మం దాటగానే నా కాళ్ళు దగ్గరకొచ్చేశాయి, ఛాతీ పైకి లేచింది. మీసాలాయన తల ఎత్తాడు.

“ఎలా ఉన్నారు?”

“బాగున్నాను సార్!”

గది దద్దరిల్లింది. ఆ బొంగురు గొంతు అంత గట్టిగా ఎలా లేచిందో నాకే తెలీదు. కుర్ర డాక్టరు పెన్ను కింద పడేశాడు.

“చేతుల్లో ఇబ్బంది ఏమైనా?”

“ఏమీ లేదు సార్!”

వినపడుతూనే ఉంది నాకు. ఆగమని నాకు నేనే చెప్పుకుంటున్నాను. ఆగడం లేదు. అయిపోయింది, మూడు వారాల రిహార్సలు, బకెట్టు ఫోటో, ఆవిడ కళ్ళు, అన్నీ గంగలో కలిపేశాను అనుకున్నాను. చెమటలు పట్టాయి. చలెక్కువ మనిషిని, చెమటలు పట్టాయి.

డాక్టరమ్మ మాత్రం తొందరపడలేదు. “చొక్కా విప్పండి” అంది. విప్పి ఇచ్చాను. దూదితో నా చేతి మీది మందు తుడిచి, చాలాసేపు వంగి చూసింది. తర్వాత చొక్కా బల్ల మీద పెట్టబోయి ఆగింది. పట్టీ తడిమింది. లోపలికి తిప్పి చూసింది.

“ఇది ఎవరు కుట్టారు?”

“మా ఆవిడ మేడమ్.”

“ఇలా ఎందుకు కుట్టారు?”

ఫ్యాషను అని చెబుదామని నోరు తెరిచాను. బయట బెంచీ మీద మా ఆవిడ కూర్చుని ఉంది, తలుపు సందులోంచి ఆవిడ చెప్పులు కనపడుతున్నాయి. ఒకదాని మీద ఒకటి వేసుకుని బిగబట్టుకుని కూర్చుంది.

“కుట్టు తగిలితే నాకు రక్తం వస్తుంది మేడమ్” అన్నాను. “నేనెప్పుడూ చెప్పలేదు. ఆవిడే కనిపెట్టింది.”

ఆ తర్వాత ఇంక ఆగలేదు. పెట్రోలు బకెట్టు చెప్పాను, వేళ్ళ సందులు చెప్పాను, స్పానరు పట్టుకుంటే చర్మం దానికి అంటుకుపోయేదని చెప్పాను. దుప్పటి మరకలు చెప్పాను, దోమలు కావని చెప్పాను. మేజరు చేతులు మూసెయ్ అన్నాడని, ఆ రోజు నాకు ఏడుపొచ్చిందని చెప్పాను. అది నాకు ఆ గదిలో నిలబడ్డాకే తెలిసింది. ఏడుస్తూనే చెప్పాను. అటెన్షన్లో నిలబడే ఏడ్చాను, పైన చొక్కా లేకుండా.

మీసాలాయన కాగితాల్లోంచి బకెట్టు ఫోటో ముందుకు జరుపుకుని చూశాడు. “ప్రతి ఏడాది పరీక్షలో కూడా ఇందాక అరిచినట్టే అరిచేవారా?” అని అడిగాడు.

“అవును సార్.”

ఆయన నవ్వలేదు. “నేనూ అరిచాను, నా మోకాలి సంగతి” అన్నాడు. “కూర్చోండి.”

జూలై 2, బుధవారం

వచ్చినా రాకపోయినా ఫరవాలేదు. ఇది ఇంతకుముందు రాసిన ఫరవాలేదు కాదు.

ఆగస్టు 14, గురువారం

వచ్చింది. వకీలమ్మ తనే తీసుకొచ్చి మా ముందుగదిలో నిలబడి చదివింది. చర్మం సంగతి సైన్యం ఉద్యోగం వల్లే అని ఒప్పుకున్నారు. పెన్షన్ ఇస్తారు. థైరాయిడ్ మాత్రం నా సొంతమేనట.

మా ఆవిడ కస్సుమంది. “అదేం న్యాయం? దాని మీద కూడా అప్పీలు వెయ్యమ్మాయ్!”

“పోనీలేవే. ఒక్కటైనా నా సొంతానికి ఉండనీ” అన్నాను. వకీలమ్మ బల్ల మీద తల పెట్టుకుని నవ్వింది.

ఆ పిల్ల వెళ్ళాక ఆవిడ మళ్ళీ మిషను ముందు కూర్చుంది. అమ్మే సంగతి ఇవాళే ఎత్తకూడదనుకున్నాను. నేను కత్తెర బల్ల దగ్గర నిలబడ్డాను. రోజూ అడిగినట్టే, తల ఎత్తకుండా, “ఎలా ఉంది ఇవాళ?” అని అడిగింది.

“కుడి మోచెయ్యి మండిపోతోందే” అన్నాను.

మిషను ఆగిపోయింది.

“ఏమన్నారు?”

“మండుతోంది. పొద్దున్నుంచీ. రాత్రి నిద్ర కూడా పట్టలేదు. వేళ్ళ సందుల్లో అయితే చెప్పలేను.”

కళ్ళద్దాలు తీసి పమిట కొంగుతో తుడుచుకుంది. చాలాసేపు తుడుచుకుంది. తర్వాత లేచి వచ్చి, ట్యూబు తెచ్చి, నా చొక్కా చేతులు తనే పైకి మడిచింది. మోచెయ్యి దాటేదాకా, అచ్చం మా వేసవి ఆర్డరులాగే.

“ఇన్నాళ్ళకి నోరు పెగిలింది మహానుభావుడికి” అంది. మందు రాస్తూ రాస్తూ, “ఇంకా ఎక్కడ?” అని అడిగింది.

చెప్పాను. అన్నీ చెప్పాను. ఆవిడ ఊ కొడుతూ రాసింది. ఎక్కడ ఎలా ఉందో సగం నాకంటే ముందే ఆవిడకి తెలుసు. అయినా మొదటిసారి వింటున్నట్టే విన్నది.

చెయ్యి ఇంకా మండుతూనే ఉంది. బాగుంది.